పన్నెండు జీబీల కార్డు

"మీరడిగిన ప్రశ్నే తప్పు మేడం," అన్నాడు కోటేశ్వర్.

హుమేరా పళ్ళు బిగబట్టింది. ఆమె అడిగింది ఒకే ఒక్క ముక్క: శ్రీకాంత్ మీ షాపులో ఏం కొన్నాడు? దానికి ఒక్క మాటలో జవాబు రావాలి. తను వచ్చి కూర్చున్నాక తెప్పించిన టీ చల్లారిపోయింది. ఇద్దరు గిరాకీలు వచ్చి పెన్ డ్రైవులు కొనుక్కుని వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాట మాత్రం కోటేశ్వర్ నోట్లోంచి ఊడిపడలేదు.

"గ్రాఫిక్స్ కార్డు కొన్నాడని చెప్తే అది జవాబు కాదు మేడం. ఏ కార్డు, ఎందుకా కార్డు, దాని బదులు ఇంకోటి ఎందుకు కొనలేదు, అదంతా చెప్పాల. లేకపోతే నేనే వాడికి అంటగట్టానని మీరనుకుంటారు."

"నేనేమీ అనుకోను. చెప్పు."

"ఊరంతా అనుకుంటందిగా మేడం. మీరు మాత్రం ఎందుకనుకోరు?"

ఆ మాట నిజమే. నరసరావుపేట నరసరావుపేటంతా ఇప్పటికే తీర్పు చెప్పేసింది. బరంపేటలో డ్రోన్ వీడియోల స్టూడియో నడిపే శ్రీకాంత్ ఆన్‌లైన్ ఆటల్లో మునిగిపోయాడట. ఆటల కోసమే ఖరీదైన కార్డు కొన్నాడట. అప్పులవాళ్ళకి మొహం చూపించలేక సొంత స్టూడియోకి తనే నిప్పు పెట్టి, పెళ్ళాన్ని ఒదిలేసి ఉడాయించాడట. స్టూడియో కాలిన రాత్రి నుంచే శ్రీకాంత్ జాడ లేదు. బూడిదలో మనిషి ఆనవాలు దొరకలేదు. పోలీసులు కేసు రాసుకుని వెతుకుతున్నారు. అతని భార్య జ్యోతికి అంతవరకు ఓపిక పట్టడం చేతకాలేదు. నిన్న సాయంత్రం హుమేరా ఆఫీసు మెట్లెక్కి, "మా ఆయన ఆటలాడే మనిషి కాదు మేడం. మీరైనా నమ్మండి," అని కుర్చీలో కూలబడింది.

హుమేరా నమ్మలేదు. అలాగని కొట్టిపారేయనూ లేదు. గుంటూరులో ఒక ఏజెన్సీలో పదేళ్ళు పనిచేసి, సొంత ఊళ్ళో సొంత బోర్డు పెట్టుకున్న డిటెక్టివ్ ఆమె. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలూ, పొలం గట్ల తగాదాలూ చూసీ చూసీ, మనుషుల మాటల మీద ఆమెకి నమ్మకం పోయింది. వస్తువులు నయం. అడిగితే ఉన్నదే చెబుతాయి. అందుకే ముందు కార్డు సంగతి తేల్చుకుందామని వచ్చింది. వచ్చి ఇక్కడ ఇరుక్కుంది.

కోటేశ్వర్ రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పెళ్ళికి చీరలు చూపించేవాడిలా వాటిని సర్దాడు.

"ఇది ఫార్టీ సిక్స్‌టీ. కొత్త తరం. మెమరీ ఎనిమిది జీబీలు. ఇది థర్టీ సిక్స్‌టీ. పాత తరం. కాకపోతే మెమరీ పన్నెండు. రేటు రెంటికీ అటూ ఇటూగా ఒకటే. కొత్తది గేముల్లో ఐదో వంతు స్పీడు ఎక్కువ. కరెంటు నూట పదిహేను వాట్లు తింటది. పాతది నూట డెబ్బై తింటది, వేడెక్కువ. ఇప్పుడు చెప్పండి. మీరైతే ఏది కొంటారు?"

"నేను కొనను."

"అట్టా కాదు మేడం. గేములాడే కుర్రోడైతే ఏది కొంటాడు?"

"కొత్తది. ఎవడైనా కొత్తదే కొంటాడు. తెలియక అడుగుతానా?"

"శ్రీకాంత్ పాతది కావాలన్నాడు!"

కోటేశ్వర్ బల్ల మీద అరచేత్తో చరిచాడు. హుమేరా అప్పటిదాకా గోడ గడియారం వైపు చూస్తున్నది కాస్తా, అతని వైపు తిరిగింది.

"మళ్ళీ చెప్పు."

"పాతదే కావాలని కూర్చున్నాడు మేడం. నా దగ్గర లేదు, కొత్తది తీసుకోరా, ఇదే డబ్బుకి ఇదే బేరం అని గంటసేపు మొత్తుకున్నా. వినడే! గుంటూరు నుంచి తెప్పించి ఇచ్చా. గేములాడేవాడు ఆ పని చెయ్యడు. ఈ ముక్క చెబుదామంటే ఊళ్ళో ఒక్కడూ వినిపించుకోడే."

"మరి పాతది ఎందుకు?"

"అదీ సరైన ప్రశ్న." కోటేశ్వర్ ముఖం వెలిగిపోయింది. "స్పీడంటే లారీ ఎంత జోరుగా పోతదన్న లెక్క. మెమరీ అంటే ఆ లారీలో ఎన్ని మిరపకాయ టిక్కీ బస్తాలు పడతయ్యన్న లెక్క. కొత్త లారీ జోరుగా పోద్ది. కానీ సరుకంతా ఒక్కసారే ఎక్కాల, సగం దింపి సగం తోలదామంటే ఈ పనిలో కుదరదు. పట్టకపోయిందా, లారీ గేటు దగ్గరే నిలబడిపోద్ది. ఆటలకి ఎనిమిది జీబీలు సాలు. వందల ఫోటోలు కలిపి ఒక కొండని కొండలాగా, గుంటని గుంటలాగా బొమ్మ కట్టాలంటే మాత్రం సాలదు. వాడి దగ్గర అంతకుముందున్నది థర్టీ ఫిఫ్టీ, ఎనిమిది జీబీలది. 'పని సగంలో ఆగిపోతంది అన్నా, మెమరీ లేదని తంతంది' అన్నాడు."

"ఏం బొమ్మ కడుతున్నాడు?"

"అడిగా. నవ్వి ఊరుకున్నాడు. ఇంకోటుంది మేడం. ఆ పాత కార్డు ఎక్స్చేంజీకి ఇయ్యరా, తగ్గిస్తా అన్నా. ఇవ్వనన్నాడు. పనికిరాని కార్డు ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటాడు?"

హుమేరా ఆలోచించింది. నలుగురూ చెప్పేది ఒక తీరు, ఈ రెండు డబ్బాలు చెప్పేది ఇంకో తీరు. "సరే. కార్డు కాలిపోయిందనుకో. స్టిక్కర్లు లేవు, ప్లాస్టిక్ కరిగిపోయింది. ఏది పన్నెండుదో ఏది ఎనిమిదిదో ఎట్లా తెలుస్తుంది?"

కోటేశ్వర్ లోపలికెళ్ళి పాడైపోయిన కార్డులు రెండు తెచ్చాడు. పైనున్న ఫ్యాన్లూ, అల్యూమినియం రేకులూ ఊడదీసి, కిందున్న పచ్చ పలకల్ని ఆమె ముందు పరిచాడు.

"మధ్యలో పెద్ద చిప్పు. చుట్టూ ఈ నల్ల బిళ్ళలు చూడండి. అవే మెమరీ. ఈ కార్డుల్లో ఒక్కో బిళ్ళ రెండు జీబీలు. వాడి పాత కార్డులో నాలుగు బిళ్ళలుంటయ్. వాడు కొత్తగా కొన్నదాన్లో ఆరు. కాలినా కనపడతయ్, ఎక్కడికీ పోవు."

ఇన్నాళ్ళకు ఒక మనిషి తిన్నగా ఒక మాట చెప్పాడు. హుమేరా లేచి హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

"ఇంకో సంగతి మేడం, పవర్ గురించి..."

"చాలు కోటేశ్వర్."

"అది చానా ముఖ్యం మేడం. నూట డెబ్బై వాట్లంటే, రోజుల తరబడి ఆపకుండా నడిపితే..."

"వాట్ల సంగతి కరెంటాఫీసులో చెప్పు నాయనా. నా తల తినకు," అంది హుమేరా. మెట్లు దిగి, బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయింది.

*

బరంపేటలో ఆ స్టూడియో మేడ మీద రేకుల గది. తలుపు కాలి ఊడిపోయింది. గుమ్మం దగ్గర జ్యోతి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే పని ఆమెది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ గదిలోనే చెరో కంప్యూటరు పెట్టుకుని నాలుగేళ్ళుగా బతుకుతున్నారు. ఇప్పుడా గదిలోకి అడుగు పెట్టడానికి ఆమెకి కాళ్ళు రావడం లేదు.

"లోపల ఆయన ఉన్నారు మేడం," అంది నెమ్మదిగా. "పొద్దున్నే వచ్చారు. అడిగిందే అడుగుతన్నారు."

"ఎవరాయన?"

జవాబు లోపల్నుంచే వచ్చింది. "రండి హుమేరా గారూ. ఆలస్యమైంది. నా రిపోర్టు అయిపోయింది కూడా."

ఆ గొంతు వినగానే హుమేరాకి కణతల దగ్గర నొప్పి మొదలైంది. గోపీచంద్. గుంటూరు ఏజెన్సీలో పదేళ్ళపాటు పక్క కుర్చీ. ఆమె ఊళ్ళు తిరిగి తెచ్చిన సమాచారాన్ని తన ఇంగ్లీషులో రాసి, కింద తన సంతకం పెట్టుకున్న ఘనుడు. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలకి విచారణలు చేసి పెడుతున్నాడు. మసిలో నిలబడి కూడా తెల్లచొక్కా మీద మరక పడనివ్వలేదు.

"ఏం తేల్చావు?" అంది హుమేరా.

"తేల్చడానికేముంది? ఇన్సూరెన్సు డబ్బు కోసం చేసిన పని. ఆటల పిచ్చోడు. చవకగా వచ్చిందని పాత తరం కార్డు కొన్నాడు. కొత్తది కొనుక్కోకుండా వేడెక్కే కార్డు కొన్నాడంటేనే వాడి తెలివి తెలుస్తంది. పగలూ రాత్రీ దాన్ని మండించాడు. తగలబడిందని చెప్పుకోవచ్చని వాడి ఎత్తు." గోపీచంద్ నేల మీద పడివున్న కంప్యూటర్ డబ్బాని బూటుతో చూపించాడు. "అదుగో. పన్నెండు జీబీల కార్డు. మాడి మసైంది. మనిషి మాత్రం క్షేమంగా ఎటో పోయాడు."

"నువ్వా డబ్బా విప్పి చూశావా?"

"విప్పడానికేముంది? కనపడతంది కదా."

"కనపడేదాన్నే చూసి రాస్తే పదేళ్ళూ నా రిపోర్టులెందుకు ఎత్తుకెళ్ళావు?"

గోపీచంద్ చిరునవ్వు చెదరలేదు. "మీకు ఆ కోపం ఇంకా తగ్గలేదన్నమాట. అందుకే మీరు నరసరావుపేటలో గట్ల పంచాయితీలు చూస్తున్నారు."

జ్యోతి గుమ్మంలో నిలబడి వింటున్నది. హుమేరా మోకాళ్ళ మీద కూర్చుంది. బ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసింది. నల్లబడిన డబ్బా పక్క రేకు ఊడబెరికి, లోపలికి టార్చి వేసి చూసింది.

మొదట ఆమెకి కనపడింది కార్డు కాదు, దాన్ని డబ్బాకి బిగించిన మర. అది ఆఖరి చుట్టు దాకా బిగించి ఉంది. దాని వెనక, హార్డ్ డిస్క్ ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది. డిస్కు తీసేశాక ఆ గూటి మరలు నాలుగూ ఎవరో మళ్ళీ వాటి చోట బిగించారు. ఒక్క మర కూడా తప్పిపోలేదు.

"దొంగైనవాడు స్క్రూలు బిగించడు," అంది హుమేరా తనలో తను అనుకుంటున్నట్టు.

"ఏమంటున్నారు?"

ఆమె కార్డు బయటికి లాగింది. కరిగి గడ్డకట్టిన ఫ్యాన్లని పెకలించింది. అల్యూమినియం రేకుల దిమ్మ ఊడిరానని మొండికేసింది. "దీన్నమ్మ కడుపు కాల," అనుకుంటూ రెండు చేతులా పట్టి తిప్పింది. చేతులు మోచేతుల దాకా మసయ్యాయి. చివరికి పలక బయటపడింది. మధ్యలో పెద్ద చిప్పు. చుట్టూ నల్ల బిళ్ళలు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

పలక తిప్పి చూసింది. వెనక ఏమీ లేవు. మళ్ళీ తిప్పి, గోపీచంద్ మొహం ముందు పెట్టింది.

"లెక్కపెట్టు."

"ఏంటివి?"

"చిన్నప్పుడు ఒకట్లు నేర్పారుగా. లెక్కపెట్టు గోపీచంద్. నాలుగు. నాలుగంటే ఎనిమిది జీబీలు. పన్నెండయితే ఆరుండాలి. నీ రిపోర్టులో మాడి మసైపోయిన కార్డు ఈ గదిలో లేనే లేదు. ఇది వాడి పాత కార్డు. షాపువాడు ఎక్స్చేంజీకి అడిగితే ఇవ్వనన్న కార్డు."

గోపీచంద్ మొదటిసారి చిరునవ్వు మానాడు. "ఎవరో మార్చి ఉంటారు."

"దొంగైతే కార్డు లాక్కుపోతాడు. దాని చోట ఇంకో కార్డు పెట్టి, మరలు బిగించి పోతాడా? శ్రీకాంత్ పాత కార్డు ఇంట్లో ఉందని దొంగకెట్లా తెలుసు? ఈ పని శ్రీకాంతే చేశాడు. మంటకి ముందే చేశాడు. కొత్తగా కొన్న కార్డూ, డిస్కూ తీసుకుని ఇంకో చోట పని మొదలుపెట్టాడు. ఎవరైనా వచ్చి తొంగిచూస్తే డబ్బా నిండుగా కనపడాలని పాతది ఇక్కడ బిగించి పోయాడు. నిప్పు పెట్టినవాడు మాత్రం అంతా తగలబెట్టాననుకుని సంతోషంగా ఇంటికెళ్ళి పడుకున్నాడు."

జ్యోతి గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. "అంటే... అంటే మేడం..."

"మీ ఆయన బతికే ఉన్నాడమ్మా. ఆ కార్డు ఎక్కడ నడుస్తుందో అక్కడ కూర్చుని పని చేసుకుంటున్నాడు."

జ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హుమేరాకి గుండె నిండింది. పదేళ్ళ కసి ఒక్క నిమిషంలో తీరింది. ఆ పలకని గోపీచంద్ చేతిలో పెట్టి, "ఇది కూడా నీ ఇంగ్లీషులో రాసుకో," అంది.

గోపీచంద్ పలక తిప్పి, బిళ్ళలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా కిందపెట్టి, చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

"గొప్ప పని చేశారు హుమేరా," అన్నాడు. "నేను ఇంత దూరం ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా."

ఆ మాటతో అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద కారు కదిలిన చప్పుడైంది. హుమేరా కిటికీ దగ్గర నిలబడి ఆ కారు సందు మలుపు తిరిగేదాకా చూసింది. పదేళ్ళలో గోపీచంద్ ఎవరినీ మెచ్చుకోగా ఆమె వినలేదు. గెలుపు ఇంత సులువుగా దక్కడం ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో మాత్రం తెలియలేదు.

*

కింద కొట్లో సోడా తాగి, చేతులు కడుక్కుని, ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. చాలాసేపు ఏడ్చి తేలికపడ్డ జ్యోతి అప్పుడు నోరు విప్పింది.

"ఆయన కంప్యూటర్లో కొండ బొమ్మ కడుతున్నాడు మేడం. బొల్లాపల్లి దగ్గర వెంకట్రామయ్య గారి క్వారీ ఉంది. ఎంత రాయి తీశారో కొలవటానికి డ్రోన్‌తో ఫోటోలు తీసిపెట్టమని వాళ్ళే పిలిచారు. తీశాడు. తర్వాత వాన పడి క్వారీలో ఒక పక్క రాతి గోడ కూలింది. మళ్ళీ కొలవమన్నారు, మళ్ళీ తీశాడు. ఆ క్వారీలో పిచ్చియ్య అని బండలు కొట్టే ఆయన ఉండేవాడు. గోడ కూలిన రోజు నుంచి కనపడట్లా. పని ఎగ్గొట్టి ఎటో పోయాడని క్వారీ వాళ్ళంటారు. ఆయన భార్య నాగమల్లేశ్వరి వచ్చి ఈ మెట్ల మీదే కూర్చుంది. 'చెప్పులు కూడా వేసుకోకుండా ఏ ఊరు పోతాడయ్యా' అని మా ఆయన్ని అడిగింది."

హుమేరా సోడా సీసా పక్కన పెట్టేసింది.

"ముందు తీసిన ఫోటోలతో ఒక బొమ్మ, తర్వాత తీసిన వాటితో ఒక బొమ్మ కట్టి, ఒకదాని మీద ఒకటి పెడితే ఎక్కడ కొత్తగా మట్టి పోశారో జానెడు కూడా తప్పకుండా తెలుస్తదంట. గోడ కూలిన చోట కాకుండా ఇంకో మూల గుంట పూడ్చినట్టు ఆయనకి అనుమానం. రెండూ కలిపి కట్టేసరికి పాత కార్డు సగంలో ఆగిపోయేది. అందుకే ఆ పన్నెండు జీబీలది కొన్నాడు."

"ఇదంతా నిన్న నాకెందుకు చెప్పలేదమ్మా!" హుమేరా గొంతు ఆమెకి తెలియకుండానే లేచింది.

"మీరు అడగలేదు మేడం. ఆటలాడేవాడా, అప్పులున్నాయా, ఇంకెవరితోనన్నా తిరిగేవాడా, ఇయ్యే అడిగారు. చెప్పబోతే 'అడిగిందానికే చెప్పు' అన్నారు."

హుమేరా నుదురు అరచేత్తో రుద్దుకుంది. అడిగినదానికి చెప్పనివాళ్ళ మీద పొద్దున్నించీ విసుక్కుంటూనే ఉంది. చెప్పబోయినవాళ్ళని ఎన్నిసార్లు ఆపేసిందో ఇప్పుడు తట్టింది. సరే, జరిగిందేదో జరిగింది. ఇకపై పద్ధతిగా పోవాలి.

"నిప్పు పెట్టింది ఎవరో ఇక అడగక్కర్లేదు. పోలీసులకి మనం చెప్పే ముందు శ్రీకాంత్ దొరకాలి. గోపీచంద్ రిపోర్టు ఇన్సూరెన్సుకి వెళ్ళేలోపు..." అంటూ ఆగింది. "అవునూ, ఏ కంపెనీలో చేశారు ఇన్సూరెన్సు?"

జ్యోతి వింతగా చూసింది. "మాకు ఇన్సూరెన్సు ఎక్కడిది మేడం?"

"స్టూడియోకి?"

"లేదు."

"మేడ ఓనరు చేయించాడేమో?"

"ఆయనా? రేకులు కూడా మా చేతే వేయించాడు. ఆ గోపీచంద్ గారు వచ్చి 'విచారణకి వచ్చా' అన్నారు. మీరు పంపించారనుకుని లోపలికి రానిచ్చా."

హుమేరా మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. ఇన్సూరెన్సు లేనప్పుడు గోపీచంద్‌ని పంపిందెవరు? పొద్దున్నుంచి జ్యోతిని అడిగిందే ఎందుకడుగుతున్నాడు? అతను రిపోర్టు రాయడానికి రాలేదు. ఫోటోలు నిజంగా కాలాయో లేదో చూసి రమ్మని క్వారీ వాళ్ళు పంపితే వచ్చాడు. చూశాడు. కాలాయని నమ్మాడు. ఆ నమ్మకంతోనే వెళ్ళిపోయేవాడు కూడా.

తనే మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బా విప్పి, బిళ్ళలు లెక్కపెట్టి మరీ కాలలేదని రుజువు చేసింది.

"యా అల్లా," అంది హుమేరా. వెంటనే ఫోను తీసి కోటేశ్వర్‌కి కలిపింది. గోపీచంద్‌కి ఇప్పుడు కావలసింది ఒక్కటే, ఆ కార్డు ఎక్కడుందో తెలియడం. దాని గురించి ఊళ్ళో మాట్లాడే మనిషీ ఒక్కడే.

"చెప్పండి మేడం! అరగంట కిందట మీ గోపీచంద్ గారు వచ్చి వెళ్ళారు. ఏం మనిషండీ! ఎంత ఓపిగ్గా విన్నారు! రెండు కార్డులూ దగ్గరపెట్టి అన్నీ అడిగి తెలుసుకున్నారు. వాట్ల సంగతి కూడా."

"ఏం చెప్పావు వాట్ల సంగతి?"

"మీరు వినలేదే, అదే. ఆ బొమ్మ కట్టాలంటే కార్డు రాత్రింబగళ్ళు ఆపకుండా తిరగాల. మధ్యలో కరెంటు పోయిందంటే పనంతా మళ్ళీ మొదటికొస్తది. ఇన్వర్టర్ కొనరా అన్నా శ్రీకాంత్‌తో. 'అక్కర్లేదు అన్నా, కరెంటు పోతే ఎమ్మటే జనరేటర్ అందుకునే చోటు ఒకటి చూసుకున్నా' అన్నాడు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ అంట. నాదెండ్ల దగ్గర. వాళ్ళావిడ మేనమామ అక్కడ పని చేస్తాడంట. పొద్దున మీకు చెప్పబోతే చాలన్నారు కదా మేడం."

హుమేరా ఫోను కట్ చేసింది. ఫోనుకి దగ్గరగా వంగి జ్యోతి అంతా వింది.

"మా వీరాంజనేయులు మామయ్య," అంది. "అక్కడ వాచ్‌మెన్. రాత్రి ఫోను చేశా మేడం, మీకు కేసు అప్పజెప్పానని కూడా చెప్పా. మా ఆయన సంగతి ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెప్పొద్దని శ్రీకాంత్ ఒట్టు వేయించుకుని ఉంటాడు. నీకు తెలిస్తే నీకూ ముప్పని. చెయ్యి. ఇప్పుడే చెయ్యి. స్పీకర్లో పెట్టు. బండెక్కు."

హుమేరా బండి స్టార్టు చేసింది. జ్యోతి వెనక కూర్చుని నెంబరు నొక్కింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. సందు దాటి, చిలకలూరిపేట రోడ్డెక్కాక రెండోసారి చేసింది. అప్పటికీ ఎత్తలేదు. ముందున్న మిరపకాయల ట్రాక్టరు దారి ఇవ్వడం లేదు. హుమేరా హారన్ మీద నుంచి బొటనవేలు తియ్యలేదు. మూడోసారి అవతల గొంతు పలికింది.

"ఏంది పాపా, ఇన్నిసార్లు చేస్తన్నావ్?"

"మామయ్యా! ఆయన అక్కడే ఉన్నాడా? నిజం చెప్పు!"

అవతల ముసలాయన దాచిపెట్టిన బరువు దించుకున్నట్టు నవ్వాడు. "తెలిసిపోయిందిగా. ఉన్నాడమ్మా, లచ్చనంగా ఉన్నాడు. ఆఫీసు రూములో ఆ పెట్టె ముందరే కూకున్నాడు. పని అయిపోయిందంట, పొద్దున గుంట కూడా చూపించాడు నాకు. పాపం పిచ్చియ్య. నువ్వేం బెంగపెట్టుకోమాక."

"మామయ్యా, గేటు తాళం వెయ్యి! ఎవరొచ్చినా తియ్యమాక!"

"అదేందమ్మా? ఇప్పుడే నలుగురొచ్చారుగా జీపులో. హుమేరా మేడం మనుషులమన్నారు. నువ్వు రాత్రి చెప్పిన పేరేగదా అని గేటు తీసి లోపలికి పంపించా."

హుమేరా బండిని రోడ్డు పక్కకి లాగి ఆపింది. వెనక్కి తిరిగి జ్యోతి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నేను హుమేరాని మాట్లాడుతున్నా," అంది. "నేనెవర్నీ పంపలేదు."

అవతల ఫోను నేల మీద పడిన చప్పుడైంది. ఆ వెంటనే సిమెంటు నేల మీద ఒక ముసలి మనిషి పరిగెత్తుతున్న అడుగులు వినపడ్డాయి.